అరువు పనిముట్లు – ఆగిపోవు ప్రోగ్రాములు

మొగల్తూరు నుండి పేరుపాలెం సముద్రతీరము వైపు పోవుకొలది వరిచేలు తగ్గి రొయ్యల చెరువులు కానవచ్చును. ఆ చెరువులకు గండమైన వేళ తెల్లవారుజాము. పగటియెండలో నీటిలోని పచ్చని సూక్ష్మజీవులు ప్రాణవాయువును పుట్టించును. ప్రొద్దు క్రుంకినది మొదలు అవియు, రొయ్యలును, అడుగున చేరిన కుళ్లును కలిసి ఆ వాయువును వాడుకొనుచుండును. కావున రైతులు ‘డీవో’ అని పిలిచెడి కరగిన ప్రాణవాయువు సూర్యోదయమునకు ముందు మిక్కిలి తక్కువగా నుండును. లీటరు నీటికి 4 మిల్లీగ్రాములకు లోబడకుండ చూచుకొనవలెనని సాధారణముగా చెప్పుదురు. ఆ వేళ ఏరియేటర్లు తిరుగకపోయినచో నెలల తరబడి పెంచిన పంట ఒక్క రాత్రిలో పోవచ్చును.

ఈ కాపలాకు ఒక చిన్న కంప్యూటరును నియమించినారనుకొందము. ఊరిలోని ఒక విద్యార్థి పైథాన్ అను భాషలో నూరు పంక్తుల ప్రోగ్రాము వ్రాసెను. (రేడియోవారి ప్రోగ్రాము వేరు. ఇచ్చట ప్రోగ్రాము అనగా కంప్యూటరునకు వరుసగా ఇచ్చెడి ఆజ్ఞల పట్టిక.) నీటిలో ముంచిన మీటరుతో మాటలాడుటకు, దానిని అమ్మినవారు ఇచ్చిన లైబ్రరీని తన ప్రోగ్రామునకు జతచేసెను. డీవో 4కు తగ్గగానే గంట మ్రోగవలెను. పగలంతయు ప్రోగ్రాము చక్కగా నడచినది. సాయంకాలమున మరల ప్రారంభించి ఇంటికి పోయినాడు. మూడు గంటలకు డీవో తగ్గినది. గంట మాత్రము మ్రోగలేదు. ఉదయమున చూచునప్పటికి తెరమీద ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అను రెండు మాటలు తప్ప మరేమియు లేదు. ఇది కల్పించుకొన్న ఉదాహరణయే గాని, ఇట్టి చావు కంప్యూటరు వాడువారు తరచుగా ఎరిగినదే. అది ఎందుచేత వచ్చునో, కారణమును ఎట్లు వెదకవలెనో విచారింతము.

పైథాన్, పెర్ల్, రూబీ, లూవా వంటివానిని స్క్రిప్టు భాషలందురు. మనము వ్రాసిన ఆజ్ఞలను యంత్రము నేరుగా చదువజాలదు. నడుమ ఇంటర్‌ప్రెటరు అను మరియొక ప్రోగ్రాము వానిని చదివి పని చేయించును. తెల్లదొరల కాలమున కుంపిణీ కచేరీలలో నుండిన దుబాసీ వంటిది ఇది. ఈ దుబాసీ మిక్కిలి జాగ్రత్తగలది. లేని వస్తువును తెమ్మన్నను, సున్నతో భాగింపుమన్నను పని ఆపి, ‘ఫలానా దస్త్రములో ఫలానా పంక్తిలో ఈ తప్పు జరిగినది’ అని వ్రాసి చూపును. ఆ వ్రాతను బట్టి తప్పు దిద్దుకొనుట సులభము. స్క్రిప్టు భాషలు పిల్లలకు, రైతులకు, శాస్త్రజ్ఞులకు సైతము ఇష్టమగుటకు ఇదియొక కారణము.

అయితే దుబాసీకి అన్ని విద్యలు రావు. మీటరుతో మాటలాడుట, బొమ్మలను కుదించుట, పెద్ద లెక్కలను వేగముగా చేయుట మొదలైన పనులు ‘సీ’ వంటి భాషలలో వ్రాసి, యంత్రభాషలోనికి మార్చి సిద్ధముగా నుంచిన మూటలలో నుండును. వానినే లైబ్రరీలందురు. గ్రంథాలయమని అనువదించినచో పుస్తకముల బీరువా మనసుకు తోచును. ఇవి నిజమునకు పనిముట్ల కొట్లు. పెండ్లివారింట వంటకు గుండిగలు, గంగాళములు అవసరమైనప్పుడు వానిని కొనక, ఊరి ఉమ్మడి సామానులనుండి తెప్పించుకొని పని కాగానే తిప్పి పంపుదురు గదా. అట్లే ప్రోగ్రాము నడుచుచుండగా, కావలసిన క్షణమున లైబ్రరీని పిలిచి తనతో చేర్చుకొనుటను డైనమిక్ లోడింగ్ అందురు. 1960లలోనే అమెరికాలో మల్టిక్స్ అను వ్యవస్థలో ఈ పద్ధతి ఉండెను. నేడు లైనక్స్‌లో ‘ఎస్ఓ’ అనియు, విండోస్‌లో ‘డీఎల్‌ఎల్’ అనియు, ఆపిల్ కంప్యూటర్లలో ‘డైలిబ్’ అనియు పేళ్లు చివరనుండు దస్త్రములు ఇవియే. ఒకే సామానును పదిమంది వాడుకొనుట వలన చోటు కలిసివచ్చును; సామానును ఒకచోట బాగుచేసినచో అందరికి బాగుపడును.

పాడైనచో అందరికి పాడగును. దీనికి తెలుగువారికి సంబంధించిన ఉదాహరణమే కలదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను మన అక్షరము ఒకటి లోకమంతట ఐఫోనులను తలక్రిందులు చేసినది. జకారము, పొల్లు, ఞకారము, తరువాత కంటికి కనబడని ఒక విభాజక గుర్తు, ఆపై ఆకారపు దీర్ఘము: ఈ వరుస సందేశములో వచ్చినచో దానిని చూపబోయిన అప్లికేషను కూలిపోయెడిది. తెరమీద ప్రకటనగా వచ్చినచో ఫోను ముఖపుటయే కూలి మరల మరల మొదలయ్యెడిది. సందేశముల అప్లికేషను వ్రాసినవారి తప్పు ఇందులో లేదు. అక్షరములను అమర్చి గీయు కోర్‌టెక్స్ట్ అను ఉమ్మడి లైబ్రరీలో దోషము కలదు. దేవనాగరి, బెంగాలీ లిపులలోని కొన్ని సంయుక్తములకు సైతము అదియే గతి పట్టినది. ఆ సంవత్సరము ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6ను విడుదలచేసి దానిని సరిదిద్దినది. అది మెమరీ పాడగుటకు సంబంధించిన దోషమని ఆ సంస్థయే ప్రకటించెను. అప్పుడు కొన్ని పత్రికలు ‘ప్రమాదకరమైన తెలుగు అక్షరము’ అని వ్రాసినవి. పాపము, అక్షరమునకేమి తెలియును!

ఇప్పుడు మన చెరువు గట్టునకు వత్తము. దుబాసీ ప్రతి తప్పునకు పంక్తి సంఖ్య చెప్పునది గదా, ఈ పర్యాయము ఏల మౌనము వహించినది? దుబాసీయు, లైబ్రరీయు ఒకే ఇంట నుండును. అనగా ఒకే ప్రాసెస్‌లో, ఒకే మెమరీలో పని చేయును. లైబ్రరీ లోపల జరుగు పనిని దుబాసీ చూడజాలదు. అక్కడి యంత్రభాష తనది కాని మెమరీ చోటును ముట్టబోయినచో కంప్యూటరు ప్రాసెసరు పట్టుకొని, లైనక్స్ వంటి నిర్వాహక వ్యవస్థకు ఫిర్యాదు చేయును. వ్యవస్థ 11వ సంఖ్య గల సంకేతమును పంపి ఆ ప్రాసెస్‌ను అంతము చేయును. ఇల్లే కూలినప్పుడు అందులోని దుబాసీ ఉత్తరము వ్రాయునదెప్పుడు? మన విద్యార్థి ‘తప్పు వచ్చినచో ఇట్లు చేయుము’ అను అర్థమిచ్చు ‘ట్రై’, ‘ఎక్సెప్ట్’ పంక్తులను ప్రోగ్రాము చుట్టు కంచెవలె కట్టియుండెను. అవి దుబాసీ చూచిన తప్పులను పట్టునే గాని ఈ సంకేతమును పట్టవు.

కావున వెదకువాడు మొట్టమొదట తెలిసికొనవలసినది ఇది: లైబ్రరీ దొరకలేదా, లేక దొరకి చేరిన పిమ్మట కూలినదా? ఈ రెండింటిని కలగలిపి దినములు పోగొట్టుకొన్నవారు కలరు. దొరకనప్పుడు పైథాన్ మర్యాదగనే ‘ఓఎస్ ఎర్రర్’ అనియో ‘ఇంపోర్ట్ ఎర్రర్’ అనియో చెప్పును. 64 బిట్ల దుబాసీకి 32 బిట్ల లైబ్రరీని ఇచ్చినను అట్లే నిరాకరించును. ఒక్క చిక్కు మాత్రము కలదు. ‘అట్టి దస్త్రము లేదు’ అని వచ్చినప్పుడు మనము పిలిచిన లైబ్రరీయే లేదని కాదు. అది తన పనికి పిలుచుకొనెడి మరియొక లైబ్రరీ లేకపోవచ్చును. లైనక్స్‌లో ‘ఎల్‌డీడీ’ అను ఆజ్ఞ ఈ చుట్టరికమునంతను వరుసగా చూపి, లేనిదానియెదుట లేదని వ్రాయును. విండోస్‌లో మరియొక సంగతి: 2019లో వచ్చిన పైథాన్ 3.8 నుండి ఇట్టి తోడు లైబ్రరీలను వెనుకటివలె ‘పాత్’ జాబితాలో వెదకుట మానినారు. వాని చోటును ప్రోగ్రాములోనే తెలుపవలెను. పాత ప్రోగ్రాము క్రొత్త పైథాన్‌లో అకస్మాత్తుగా నిలిచిపోవుటకు ఇది కారణము కావచ్చును.

మన ప్రోగ్రాము పగలంతయు నడచినది గనుక లైబ్రరీ దొరకినదనుట స్పష్టము. ప్రోగ్రామును ఆరంభించిన గుమాస్తా, అనగా షెల్, దాని మరణమునకు 139 అను సంఖ్యను నమోదు చేయును. 128కి 11 కలిపినచో 139. అనగా 11వ సంకేతముచే చచ్చినది. ఇక ఎచ్చట చచ్చినదో తెలియవలెను. పైథాన్‌లో 2012లో వచ్చిన 3.3 కూర్పు నుండి ‘ఫాల్ట్‌హ్యాండ్లర్’ అను సాధనము కలదు. ప్రోగ్రాము మొదటనే దానిని మేలుకొలిపియుంచినచో, సంకేతము వచ్చిన ఆఖరి క్షణమున దుబాసీ ఏ పంక్తి మీద నుండెనో గబగబ వ్రాసి పడవేయును. ఇంత మేలు చేయుదానిని మొదటినుండియే మేలుకొలిపి ఉంచకపోవుట నాకు వింతగా తోచును. రాత్రి పని చేయు ప్రోగ్రాములన్నింటను ఇది ఉండవలెను.

అది చూపెడి పంక్తి సరిహద్దు మాత్రమే. దుబాసీ ఏ ద్వారమున లైబ్రరీలోనికి పోయినదో తెలియును. లోపల జరిగినది తెలియదు. అంతేకాదు, కూలిన చోటు వేరు, తప్పు జరిగిన చోటు వేరు కావచ్చును. కాలువ గట్టుకు గండి పడిన చోట నిలిచి చూచినచో నీరు కనబడును గాని, నెల క్రిందట ఎలుక త్రవ్విన బొరియ కనబడదు.

ఇట్టి బొరియలలో రెంటిని గూర్చి వివరముగా చెప్పవలెను. మొదటిది కొలతలది. పైథాన్‌నుండి సీ లైబ్రరీలను నేరుగా పిలుచుటకు ‘సీటైప్స్’ అను సాధనము 2006లో పైథాన్ 2.5తో పాటు ప్రామాణిక సామగ్రిలో చేరినది. అది మిక్కిలి సౌకర్యమైనది, అంతకంతయు ప్రమాదమైనది. లైబ్రరీలోని పని ముగిసి తిరిగివచ్చు ఫలితము ఎంత పరిమాణము గలదో మనము చెప్పనిచో, అది మామూలు పూర్ణాంకమని, అనగా 32 బిట్లని తలచును. మీటరును తెరచినప్పుడు వచ్చెడి ఫలితము తరచుగా మెమరీలోని ఒక చిరునామా. 64 బిట్ల యంత్రములో దాని పరిమాణము 64 బిట్లు. రెండు సోలలు తవ్వ యని మన పెద్దలకు తెలియును. తవ్వెడు బియ్యమును సోలలో పోసినచో సగము నేలపాలగును. ఇచ్చటను సరిగా సగమే పోవును. మిగిలిన సగము చిరునామాతో తరువాతి పనికి పోయినప్పుడు, లైబ్రరీ ఎవరి ఇంటి తలుపో తట్టి చచ్చును.

దీనిలోని మోసమేమనగా, చిరునామా చిన్న సంఖ్యయై సోలలో ఇమిడినంతకాలము అంతయు బాగుగనే యుండును. 32 బిట్ల వ్యవస్థలో చిరునామాయే 32 బిట్లు గనుక తప్పు బయటపడదు. రాస్ప్‌బెర్రీ పై అను చేతిలో పట్టెడి కంప్యూటరునకు 64 బిట్ల వ్యవస్థ 2022 ఫిబ్రవరిలో అధికారికముగా వచ్చినది. అంతకుముందు ఏండ్ల తరబడి 32 బిట్లలో నడచిన ప్రోగ్రాము దానికి మారిన దినముననే కూలవచ్చును. ‘నిన్నటివరకు నడచినది’ అను మాట ఈ విద్యలో సాక్ష్యము కాదు. మందు: లైబ్రరీతోపాటు వచ్చు హెడరు దస్త్రమును ప్రక్కన పెట్టుకొని, పిలిచెడి ప్రతిపనికి ఇచ్చు వస్తువుల పరిమాణమును ‘ఆర్గ్‌టైప్స్’లోను, తిరిగివచ్చుదాని పరిమాణమును ‘రెస్‌టైప్’లోను తప్పక వ్రాయవలెను. చదువుటకు విసుగైన పనియే, అయినను చేయవలసినదే.

రెండవ బొరియ ఆయుర్దాయమునకు సంబంధించినది. మన విద్యార్థి మీటరు లైబ్రరీతో ‘డీవో 4కు తగ్గినచో నన్ను ఈ తలుపు తట్టి పిలువుము’ అని సాయంకాలము ఒప్పందము చేసికొనెను. దీనిని కాల్‌బ్యాక్ అందురు. ఆ తలుపు సీటైప్స్ తయారుచేసిన ఒక పైథాన్ వస్తువు. దుబాసీకి ఒక గొప్ప పరిశుభ్రత కలదు: ఎవరును పేరు పెట్టి పట్టుకొనని వస్తువును ఆ క్షణముననే ఊడ్చివేయును. విద్యార్థి ఆ వస్తువును తయారుచేసి లైబ్రరీకి అప్పగించెనే గాని, తన యొద్ద ఏ పేరుతోను ఉంచుకొనలేదు. దాని చిరునామా లైబ్రరీయొద్ద కలదని దుబాసీకి తెలియదు. అది తాను చూడలేని చోటు గదా. కావున తలుపును తీసివేసినది. లైబ్రరీ పుస్తకములో మాత్రము పాత చిరునామా అట్లే మిగిలినది.

పగలు డీవో తగ్గలేదు. ఎవరును తలుపు తట్టలేదు. తెల్లవారుజామున మూడు గంటలకు మొదటిసారి తగ్గినది. లైబ్రరీ విశ్వాసముగా పోయి తలుపు తట్టినది. అచ్చట తలుపు లేదు. గంట మ్రోగవలసిన క్షణమే ప్రోగ్రాము చచ్చిన క్షణమైనది. ఇది యాదృచ్ఛికము కాదు; మ్రోగించు ప్రయత్నమే చంపినది. ఫాల్ట్‌హ్యాండ్లర్ ఉండియున్నను, మీటరును చదువుమన్న పంక్తిని చూపెడిదే గాని, సాయంకాలము ఒప్పందము వ్రాసిన పంక్తిని చూపదు. ఆ చదువు పంక్తిలో తప్పు లేదు. ఈ సంగతిని సీటైప్స్ వివరణ పత్రములలో హెచ్చరికగా వ్రాసియే ఉన్నారు: సీ వైపు వాడుచున్నంతకాలము కాల్‌బ్యాక్ వస్తువును పట్టుకొనియే ఉండుడని. చికిత్స ఒక్క పంక్తి. ఆ వస్తువును ప్రోగ్రాము బ్రతికియున్నంతకాలము నిలిచెడి ఒక పేరునకు కట్టివేసినచో చాలును. లైబ్రరీ తరువాత వాడుకొనుటకై ఇచ్చిన అక్షరముల మూటలకు, సంఖ్యల పట్టికలకు సైతము ఇదియే నియమము.

ఇతర కారణములను త్వరగా చెప్పి పోవుదును. ఒకే లైబ్రరీ రెండు కూర్పులలో ఒకే ప్రాసెస్‌లోనికి వచ్చినచో ఒకదాని లెక్క మరియొకదానికి పొసగదు. ఒక లైబ్రరీ తీసికొన్న మెమరీని మరియొకటి విడిచిపెట్టబోయినను ప్రమాదమే. కొన్ని లైబ్రరీలు జోడును కనిపెట్టి తామే ఆగిపోవును. ఆ హెచ్చరికను నొక్కివేయుటకు ఉపాయములు చెప్పువారు కలరు గాని, అది జ్వరము చూపెడి గాజుగొట్టమును పగులగొట్టుట వంటిది. కూర్పుల భేదమునకు పెద్ద ఉదాహరణము 2024 జూన్‌లో జరిగినది. లెక్కలకు లోకమంతట వాడెడి నమ్‌పై 2.0 వచ్చినప్పుడు దాని లోపలి అమరిక మారినది. వెనుకటి 1వ వరుస కూర్పులతో తయారైన లైబ్రరీలు క్రొత్తదానితో కలిసిన చోట, కూలవచ్చునని ముందే హెచ్చరిక కనబడునట్లు దానిని చేసినవారు ఏర్పాటు చేసిరి. అందరు అంత శ్రద్ధ వహింపరు. లైనక్స్‌లో ‘ఎల్‌డీ డీబగ్’ అను అమరికకు ‘లిబ్స్’ అని విలువ ఇచ్చి ప్రోగ్రామును నడిపినచో ఏ లైబ్రరీని ఏ చోటనుండి తెచ్చినదో పేజీల కొలది వ్రాయును. మనము తలచిన చోటునుండియే వచ్చినదా అని చూచుకొనవచ్చును.

ఇంత చేసినను తెలియనప్పుడు ప్రోగ్రామును కోసి చిన్నది చేయుటకన్న మంచి మార్గము లేదు. లైబ్రరీని చేర్చుకొని ఏమియు చేయక ముగియు ప్రోగ్రాము వ్రాయవలెను. అది బ్రతికినచో మీటరును తెరచి మూయవలెను. తరువాత ఒక్కసారి చదువవలెను. తరువాత వేయిసార్లు. ఏ మెట్టు మీద కూలునో అక్కడ ఆగవలెను. అప్పుడు ‘జీడీబీ’ అను సాధనము క్రింద నడిపినచో లైబ్రరీ లోపల ఏ పని యొద్ద కూలినదో చెప్పును. లైబ్రరీ తయారుచేసినవారికి వ్రాయవలసి వచ్చినప్పుడు ఈ పది పంక్తుల ప్రోగ్రాము, ఆ జీడీబీ వ్రాత, పైథాన్ కూర్పు, లైబ్రరీ కూర్పు పంపినచో వారు పని చేయగలరు. ‘మీ లైబ్రరీ కూలుచున్నది’ అని మాత్రము వ్రాసినచో వారేమి చేయుదురు?

ఇక కాపలా సంగతి. దిద్దిన పిదపయు ఇతరులు వ్రాసిన లైబ్రరీని గంట మ్రోగించు ప్రోగ్రాముతో ఒకే ఇంట నుంచుట నాకు సమ్మతము కాదు. మీటరును చదువు పని వేరు ప్రాసెస్‌లోను, గంట పని మరియొక ప్రాసెస్‌లోను ఉండవలెను. మొదటిది నిమిషమునకొకసారి డీవో సంఖ్యను రెండవదానికి పంపుచుండును. మూడు నిమిషములు కబురు రాకపోయినచో, డీవో తగ్గినదో చదువువాడు చచ్చినాడో అని విచారింపక రెండవది గంట మ్రోగించి, మొదటిదానిని మరల ప్రారంభించును. లైబ్రరీ కూలినను కూలునది దాని ఇల్లే. చెరువు గట్టున పడుకొన్న మనిషి లేచి చూచును.

ఈ ఏర్పాటును పరీక్షించుటకు తెల్లవారుజాము వరకు వేచియుండనక్కరలేదు. మిట్టమధ్యాహ్నము డీవో ఎక్కువగా నున్న వేళ, హెచ్చరిక హద్దును 4 నుండి ఆనాటి కొలతకన్న పైసంఖ్యకు మార్చవలెను. అప్పుడు కాల్‌బ్యాక్ వెంటనే పని చేయవలసి వచ్చును. గంట మ్రోగినచో మంచిది. తరువాత చదువు ప్రాసెస్‌ను చేతితోనే చంపి, మూడు నిమిషములలో గంట మ్రోగునో లేదో చూడవలెను. పిమ్మట కంప్యూటరునకు కరెంటు తీసివేసి మరల ఇచ్చి, అది తనంతట తాను మేలుకొని రెండు ప్రాసెస్‌లను ప్రారంభించునో లేదో చూచి, హద్దును మరల 4కు దింపి ఇంటికి పోవచ్చును.